గాలిలో పిల్లిని కొలిచిన మనిషి

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం కావాలని, నేను చేసే పని గురించే రాయమని మన సంఘం మిత్రులు అడిగారు. ఇంజనీరు తన పని గురించి రాయడం మొదలుపెడితే రెండో పేజీకి చదివేవాళ్ళు తగ్గిపోతారని నాకు అనుభవం మీద తెలుసు. అందుకని నా పనికి పునాది వేసిన ఒక ఫ్రెంచి పెద్దమనిషి జీవితం రాస్తున్నాను. పేరు ఎతియెన్ జూల్ మారే. 1830లో పుట్టి 1904లో పోయాడు. సినిమా చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. ఆయనకు దక్కవలసిన చోటు అది కాదని నా అభిప్రాయం.

ముందు ఆ పని ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. గాలిలో ఎగిరే వస్తువు గురించి గానీ, పడే వస్తువు గురించి గానీ మనం అడిగే ప్రశ్నలు రెండు. ఎక్కడ ఉంది? ఎటు తిరిగి ఉంది? మొదటిదానికి మూడు సంఖ్యలు చాలు: ఇంత దూరం, ఇంత పక్కకు, ఇంత ఎత్తు. రెండోదానికి మరో మూడు కావాలి. పడవలా పక్కకు ఎంత ఒరిగింది, ముక్కు ఎంత పైకెత్తింది, తల కుడికో ఎడమకో ఎంత తిప్పింది. నున్నటి గోళీని విసిరితే మొదటి ప్రశ్నతో సరిపోతుంది. విమానం నుంచి వదిలిన సామాను పెట్టెకు రెండో ప్రశ్నే ప్రాణం, ఎందుకంటే తలకిందులైన పెట్టెకు పారాచూట్ తాళ్ళు చుట్టుకుంటాయి. మేము అలాంటి వస్తువుల మీద నలుపు తెలుపు గుర్తులు అతికించి, రెండు మూడు పక్కల నుంచి సెకనుకు వెయ్యికి పైగా ఫోటోలు తీసే కెమెరాలు పెట్టి, ప్రతి ఫోటోలోనూ ఆ గుర్తులు ఎక్కడ పడ్డాయో చూసి ఆ ఆరు సంఖ్యలూ లెక్క కడతాం. ఇప్పుడు కంప్యూటర్ చేసే ఈ పనిలో దాదాపు ప్రతి మెట్టూ మారే దగ్గర ఉంది. గుర్తులు ఉన్నాయి. వేర్వేరు పక్కల నుంచి చూడటం ఉంది. ఫోటోలోనే గడియారం, ఫోటోలోనే కొలబద్ద ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతం ద్రాక్షసారాకు పేరు. అక్కడి బోన్ అనే ఊళ్ళో 1830 మార్చి 5న మారే పుట్టాడు. తండ్రిది కూడా ఆ సారా వ్యాపారంలో ఉద్యోగమే. కుర్రవాడికి ఇంజనీరు కావాలని కోరిక, తండ్రికి కొడుకును డాక్టరును చేయాలని పట్టుదల. ఈ కథ మన జిల్లాలో ప్రతి వీధిలోనూ ఉన్నదే కాబట్టి వివరించనక్కర్లేదు. తండ్రి గెలిచాడు. 1849లో మారే పారిస్ వెళ్ళి వైద్యంలో చేరాడు, 1859లో డాక్టరు పట్టా తీసుకున్నాడు. కానీ లోపలి ఇంజనీరు ఎక్కడికీ పోలేదు. మరుసటి ఏడాదే నాడిని కాగితం మీద రాసే చిన్న యంత్రం తయారుచేశాడు. మణికట్టు దగ్గర నాడి మీద ఒక సన్నని మీట ఆనుతుంది. నాడి కొట్టినప్పుడల్లా మీట చివర కదిలి, మసి పూసిన కాగితం మీద గీత గీస్తుంది. కాగితాన్ని గడియారం ముల్లులా సమానంగా లాగే స్ప్రింగు ఒకటి ఉంటుంది. అంతవరకూ వైద్యుడి వేళ్ళకు మాత్రమే తెలిసిన సంగతి ఇప్పుడు ఎవరైనా స్కేలు పెట్టి కొలవగలిగే గీత అయింది. మారే చేసిన పనులన్నిటికీ విత్తనం అక్కడే ఉందనుకుంటాను. కదిలేదాన్ని గీతగా మార్చాలి, గీతను కొలవాలి.

ఆ తరువాత పదేళ్ళూ అదే పని. గుర్రం గుండె లోపలి ఒత్తిడిని శోవో అనే పశువైద్యుడితో కలిసి రాయించాడు. పారిస్‌లో పాత నాటకశాల ఉన్న భవనంలో సొంత ప్రయోగశాల పెట్టుకున్నాడు. 1869లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్య పదవి వచ్చింది. కందిరీగ రెక్క కొసకు బంగారు రేకు తునక అంటించి, చీకటి వెనక పెట్టి, ఎండ పడేలా చూస్తే గాలిలో 8 అంకె ఆకారం మెరిసింది. రెక్క పైకీ కిందికీ కొట్టుకోవడమే కాకుండా మెలి తిరుగుతూ పోతుందని అలా తెలిసింది. గమనించండి, ఇక్కడ కెమెరా ఇంకా లేదు. అయినా మెరిసే గుర్తు, చీకటి నేపథ్యం రెండూ వచ్చేశాయి. గుర్రం గిట్టల కింద రబ్బరు బుడ్డెలు కట్టి, గొట్టాల గుండా గాలి ఒత్తిడిని రౌతు చేతిలోని యంత్రానికి పంపి, దౌడులో నాలుగు కాళ్ళూ నేలను వదిలే క్షణం ఉందని తేల్చాడు. 1873లో వచ్చిన ఆయన పుస్తకంలో ఇదంతా ఉంది.

పక్షి దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి చిక్కుల్లో పడింది. గుర్రం మోసే బరువు పావురం మోయలేదు. మారే పక్షికి చిన్న పట్టీలు కట్టి, గొట్టాలు తగిలించి ఎగరేశాడు. గీతలు వచ్చాయి. కానీ ఆ గీతలు ఎగిరే పక్షివా, గొట్టాలు ఈడ్చుకుంటూ ఎగరడానికి పాట్లు పడే పక్షివా? ఏదైనా ఒకదాన్ని కొలవాలంటే దాన్ని ముట్టుకోకుండా కొలవాలి. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే. ఫోటో మీద ప్రేమతో ఆయన కెమెరా పట్టలేదు. ముట్టుకోకుండా కొలిచే మార్గం మరొకటి లేక పట్టాడు.

ఈ తగువు ఇప్పటికీ తీరలేదు. వస్తువు లోపల గైరో అనే సెన్సర్ పెట్టాలా, బయట కెమెరా పెట్టాలా అని మేము ప్రతి పరీక్షకు ముందూ వాదించుకుంటాం. ఒకసారి ఒక సంస్థ (పేరు అనవసరం) పరీక్షలో ఎత్తు నుంచి వదిలిన పెట్టె మూడు చుట్లు తిరిగిందని సెన్సర్ చెప్పింది, నాలుగున్నర తిరిగిందని కెమెరా చెప్పింది. అక్కడి పెద్దాయన సెన్సర్ పక్షం. ఖరీదైన వస్తువు అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. ఫోటోలు వరసగా గోడకు అతికించి నలుపు తెలుపు గుర్తులను ఒక్కొక్కటే లెక్కపెడితే నాలుగున్నరే వచ్చింది. ఆ సెన్సర్ కొలవగల వేగానికి ఒక హద్దు ఉంది. పెట్టె అంతకన్నా వేగంగా తిరిగినప్పుడల్లా అది ఆ హద్దు దగ్గరే ఆగిపోయి తక్కువ రాసింది. ఆ రోజు మనసులో మారేకు దండం పెట్టుకున్నాను.

ఆయన్ని ఫోటో వైపు నడిపించినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకాయనకు మన గుంటూరుతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా పోయింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును ఆయన ఆ రోజు మన ఊళ్ళో విడదీసి చూశాడు, మరునాడు గ్రహణం లేకుండానే మళ్ళీ చూశాడు. హీలియం కథకు అది మొదలు. ఆ జాన్సెనే 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటే ఘట్టం కోసం ఒక ఫోటో రివాల్వర్ చేయించాడు. గుండ్రని పలక తిరుగుతూ ఒకదాని తరువాత ఒకటిగా 48 ఫోటోలు తీస్తుంది. పక్షులు ఎగిరే తీరు పట్టుకోవడానికి ఈ పద్ధతి పనికొస్తుందని సూచించింది కూడా ఆయనే. గుంటూరు గ్రహణం పాఠాల్లో చెప్పే మన ఉపాధ్యాయులు ఈ రెండో సంగతి కూడా పిల్లలకు చెబితే బాగుంటుంది.

రెండో ఆయన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. కాలిఫోర్నియాలో లీలండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనికుడి గుర్రాల కోసం 1878లో 12 కెమెరాలు వరసగా పెట్టి దౌడును ఫోటో తీశాడు. గాలిలో నాలుగు కాళ్ళూ లేచిన గుర్రాన్ని లోకమంతా చూసింది. ఆ బొమ్మలు పారిస్ పత్రికలో పడిన కొద్ది రోజులకే, పక్షులను కూడా అలా తీయగలరా అని మారే ఆ పత్రికకు రాశాడు. 1881లో మైబ్రిడ్జ్ పారిస్ వచ్చినప్పుడు మారే ఆయనకు తన ఇంట్లో విందు ఇచ్చాడు. కానీ ఆయన తెచ్చిన పక్షి ఫోటోలు మారేకు సంతృప్తి ఇవ్వలేదు. కారణం ఇంజనీర్లకు వెంటనే అర్థమవుతుంది. పన్నెండు కెమెరాలంటే పన్నెండు చూపులు. గుర్రం దారం తెంపినప్పుడల్లా ఒక ఫోటో పడుతుందంటే రెండు ఫోటోల మధ్య కాలం సమానం కాదు. చూడ్డానికి అద్భుతం, కొలవడానికి కష్టం.

ఒక వింత. ఈ ఇద్దరూ 1830లో నెల తేడాతో పుట్టారు, 1904 మే నెలలో వారం తేడాతో పోయారు. మైబ్రిడ్జ్ అసలు పేరు ఎడ్వర్డ్ జేమ్స్ మగరిడ్జ్ కాబట్టి ఇద్దరి పొడి అక్షరాలూ ఒకటే. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, ఊరికే చెప్పాను.

1882లో మారే తన జవాబు తయారుచేసుకున్నాడు. ఆయన చలికాలం ఇటలీలో నేపుల్స్ దగ్గర గడిపేవాడు. అక్కడే ఫోటో తుపాకీ పుట్టింది. చూడ్డానికి వేటగాడి తుపాకీలాగే ఉంటుంది. గొట్టంలో లెన్స్, వెనక తిరిగే గాజు పలక. మీట నొక్కితే సెకనుకు 12 ఫోటోలు. ఒక్కో ఫోటోకు వెలుగు పడేది సెకనులో 720వ వంతు. పక్షులకు గురిపెట్టి ఎన్నడూ పేల్చని ఈ దొరను చూసి ఊరివాళ్ళు పిచ్చివాడనుకున్నారని చెప్పుకుంటారు. బొమ్మలు చిన్నవి, రెక్క వివరం సరిగా తెలియదు. అయినా ఒకే కన్ను, ఒకే గడియారం. అది చాలా పెద్ద అడుగు.

అదే ఏడు ప్రభుత్వం, పారిస్ నగరపాలక సంస్థ ఇచ్చిన సాయంతో ఊరి అంచున ఆరుబయట ప్రయోగశాల మొదలైంది. జార్జ్ దెమెనీ అనే యువకుడు సహాయకుడిగా చేరాడు. నల్లటి లోతైన షెడ్డు, దాని ముందు తెల్లబట్టలు కట్టిన మనిషి నడుస్తాడు. కెమెరా ముందు చీలికలున్న పళ్ళెం సమాన వేగంతో తిరుగుతుంది. ఒక్క పలక మీదే వరసగా మనిషి బొమ్మలు పడతాయి. ఫోటోలో ఒక పక్క కొలబద్ద, మరో పక్క నల్లటి డయల్ మీద మెరిసే ముల్లు. ఎప్పుడు తీశారో, ఎంత దూరమో ఆ ఫోటోనే చెబుతుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫోటోల సంఖ్య పెంచితే బొమ్మ మీద బొమ్మ పడి అంతా అలుక్కుపోతుంది. మరొకరైతే పెద్ద పలక కావాలనో, మంచి లెన్స్ కావాలనో అడిగేవారు. మారే మనిషినే చెరిపేశాడు. తల నుంచి కాలి దాకా నల్లబట్టలు వేయించి, చేతి వెంట, కాలి వెంట తెల్ల పట్టీలు, కీళ్ళ దగ్గర తెల్ల చుక్కలు పెట్టించాడు. ఫోటోలో మనిషి లేడు. తొడ ఎటు వాలిందో, మోచెయ్యి ఎంత వంగిందో చెప్పే గీతలు, చుక్కలు మాత్రమే ఉన్నాయి. కోణమాపిని పెట్టి కొలవడమే తరువాయి. రజనీకాంత్ విక్రమసింహ సినిమాకు నటుల ఒంటి మీద గుర్తులు పెట్టి కదలికలు పట్టుకున్నారని మీరు పేపర్లో చదివే ఉంటారు. దాని తాతముత్తాత ఈ నల్లబట్టల మనిషే. అందమైన ఫోటోలో నుంచి అక్కర్లేనిదంతా తీసేయడానికి కావలసిన తెగువ నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చుతుంది. మా యువ ఇంజనీర్లు కెమెరా చూపించే ప్రతి రంగునీ దాచుకుంటారు, గుర్తులు మాత్రం సరిగా అతికించరు.

పక్షులకు నల్లబట్టలు వేయలేరు కదా. అందుకని కొంగల జాతి, సముద్రపు కాకుల జాతి పక్షులను, పావురాలను నల్ల నేపథ్యం ముందు పక్క నుంచి, ఎదుటి నుంచి, ఎత్తైన మంచె మీద నుంచి కిందికి చూస్తూ తీశాడు. మూడు దిక్కుల బొమ్మలూ కలిపితే రెక్క ఏ క్షణాన ఎటు మెలి తిరిగి ఉందో పూర్తిగా తెలుస్తుంది. 1887లో ఆ కొలతలతో పక్షి విగ్రహాలు పోత పోయించాడు. ఒకే రెక్క ఆడింపులోని వరస భంగిమలు ఒకదాని పక్కన ఒకటిగా నిలిచాయి. కాగితం మీది రెండు కొలతల నుంచి మూడు కొలతలకు ఎలా వెళ్ళాలో మేము ఇప్పుడు సమీకరణాలతో చేస్తాం, ఆయన లోహంతో చేశాడు.

1888లో కదిలే కాగితపు ఫిల్ము వచ్చింది, తరువాత సెల్యులాయిడ్. బొమ్మ మీద బొమ్మ పడే బాధ తీరింది. ఇక పిల్లి వంతు.

పిల్లి ఎలా పడినా కాళ్ళ మీదే పడుతుందని మనకు తెలుసు. ఎలా తిరుగుతుంది అన్నదే ప్రశ్న. కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం మనం చదువుకున్నాం. బయటి నుంచి మెలిపెట్టే బలం లేకపోతే, తిరగకుండా మొదలైన వస్తువు తిరగడం మొదలుపెట్టలేదు. దీన్నిబట్టి, పట్టుకున్న చేతిని పిల్లి కాళ్ళతో తన్ని ఊపు తెచ్చుకుంటుందని చాలామంది పండితులు అనుకునేవారు. నియమం ఉంది, వివరణ ఉంది, ఇక చూడవలసింది ఏముంది? మారే చూశాడు. వెల్లకిలా పట్టుకున్న పిల్లిని వదిలించి సెకనుకు 60 ఫోటోలు తీశాడు, పక్క నుంచి ఒక వరస, వెనక నుంచి ఒక వరస. మీటరుంపావు ఎత్తు నుంచి పడటానికి అర సెకను పడుతుంది, అంటే 30 ఫోటోలు. పదో తరగతి పిల్లలు లెక్క సరిచూసుకోవచ్చు. 1894 అక్టోబరు 22న ఆ ఫోటోలను శాస్త్ర అకాడమీ ముందు పెట్టాడు.

మొదటి ఫోటోల్లో పిల్లి తిరగడమే లేదు. చేతిని తన్ని ఉంటే వదిలిన క్షణం నుంచే తిరుగుతూ ఉండాలి. తిరగడం గాలిలోకి వచ్చాక మొదలైంది. అదీ మొత్తం ఒళ్ళు ఒకేసారి తిరగలేదు. ముందు భాగం, వెనక భాగం వేర్వేరుగా తిరిగాయి. మొదట ముందు కాళ్ళు ముడుచుకుంది, వెనక కాళ్ళు చాపింది. ముడుచుకున్న భాగానికి జడత్వ భ్రామకం తక్కువ కాబట్టి అది చాలా దూరం తిరిగింది. చాచిన భాగం ఎదురు దిక్కుకు కొంచెమే తిరిగింది. తరువాత తారుమారు: ముందు కాళ్ళు చాపి, వెనక కాళ్ళు ముడుచుకుంది. ఈసారి వెనక భాగం తిరిగి వచ్చి ముందు భాగంతో కలిసింది. ఏ క్షణంలో కూడినా మొత్తం సున్నాయే, నియమం ఎక్కడా తప్పలేదు. కానీ మొదటి ఫోటోలో వెల్లకిలా ఉన్న పిల్లి చివరి ఫోటోలో బోర్లా ఉంది. అకాడమీలో పెద్ద వాదన జరిగింది, గణిత పండితులు తమ పాత మాట మళ్ళీ పరిశీలించుకోవలసి వచ్చింది. నియమం తప్పు కాలేదు. నియమాన్ని గట్టి రాయికి వర్తించినట్టు వంగే ఒంటికి వర్తించడమే తప్పు. ఫోటోల చివర పిల్లి మొహంలో కనిపించిన అలక గురించి ఒక ఇంగ్లీషు పత్రిక జోకు కూడా వేసింది.

ఆ ఏడే దెమెనీతో తెగిపోయింది. కదిలే బొమ్మలను జనానికి చూపించి డబ్బు చేసుకోవచ్చని దెమెనీ ఆలోచన. మారేకు అది రుచించలేదు, అతన్ని పంపించేశాడు. ఇక్కడ నేను మారే పక్షం పూర్తిగా వహించలేను. పెద్దాయన నేపుల్స్‌లో చలికాలాలు గడుపుతుంటే పన్నెండేళ్ళు ఆ చోటు నడిపినవాడు దెమెనీ. మరుసటి ఏడాది డిసెంబరులో లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా ఆడించారు, చరిత్ర అటు వెళ్ళిపోయింది. మారే ఫిల్ముకు అంచున రంధ్రాలు లేవు. అందువల్ల బొమ్మల మధ్య దూరం సమానంగా ఉండదు, తెర మీద వేస్తే గెంతుతుంది. సినిమావాళ్ళ లెక్కలో అది లోపం. కొలిచేవాడికి అది లోపమే కాదు, ఎందుకంటే ప్రతి బొమ్మనూ విడిగా పెట్టుకుని కొలుస్తాడు. కంటికి మామూలుగా కనిపించేదాన్నే తెర మీద మళ్ళీ చూపడంలో శాస్త్రానికి లాభం ఏమిటని ఆయన చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆదివారం మ్యాట్నీకి వెళ్ళే నేను ఆయనతో ఏకీభవించను గానీ, ఆయన అడిగినదాంట్లో అర్థం ఉంది.

చివరి ఏళ్ళలో పొగ దారాలను గాజు పెట్టెలో వదిలి, అడ్డు పెట్టిన పలక వాలును మారుస్తూ గాలి ఎలా విరిగి సుళ్ళు తిరుగుతుందో ఫోటోలు తీశాడు. 1903 డిసెంబరులో రైట్ సోదరులు ఎగిరారు. ఐదు నెలలకు, 1904 మేలో, మారే పారిస్‌లో కన్నుమూశాడు. ఆయన పేరు మీద వెలసిన సంస్థ భవనాన్ని 1970ల చివర్లో పడగొట్టి, ఆ స్థలాన్ని రోలాండ్ గారోస్ టెన్నిస్ మైదానంలో కలిపేశారు. ఏటా మే, జూన్ నెలల్లో అక్కడ బంతుల వెంట కెమెరాలు పరిగెడుతుంటాయి.

పిల్లి లెక్క మాత్రం ఇంకొన్నాళ్ళు మిగిలిపోయింది. రెండు భాగాలూ ఎంత వంగితే, ఎంత మెలి తిరిగితే ఒళ్ళు సరిగ్గా బోర్లాపడుతుందో పూర్తి సమీకరణాలతో రాసి, ఫోటోలతో పోల్చి చూపింది కేన్, షెర్ అనే ఇద్దరు, 1969లో. ఆనుకోవడానికి ఏమీ లేని అంతరిక్షంలో వ్యోమగామి తన ఒంటిని ఎలా తిప్పుకోవాలి అన్నది అప్పట్లో కేన్‌కు కావలసిన ప్రశ్న. ఆయన పనిచేసింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, గుర్రాల ఆసామి స్టాన్‌ఫర్డ్ తన సొంత భూమిలో కట్టించినదానిలో.